దగ్గు లేదుగా, ఇంకేం కరోనా?

ఈసారి మా మేడ మీది గదిలోంచి కాదు, భద్రాచలం కరకట్ట మీద కూర్చుని మాట్లాడుతున్నా. గోదావరి గాలి మైకులో కొడుతోంది, కాస్త సర్దుకోండి.

ఇవాళ్టి టాపిక్ వినగానే కొంతమంది ముఖం పక్కకి తిప్పుకుంటారు. విరేచనాలు. మోషన్స్. మా ఇంట్లో పెద్దవాళ్లు బేదులు అంటారు. అన్నం తింటూ చూస్తున్నవాళ్లు తిన్నాక రండి, నేనేం అనుకోను. ఊపిరితిత్తులకి పట్టే వైరస్ జబ్బుల్లో, అది ఫ్లూ కానీ, సార్స్ కానీ, కోవిడ్ కానీ, కడుపు కూడా చెడుతుందని డాక్టర్లు నూటముప్పై ఏళ్ల కిందటే రాసిపెట్టారు. రాసిపెట్టి కూడా ప్రతిసారీ కొత్తగా మర్చిపోయారు. ఎందుకు మర్చిపోయారు, మర్చిపోతే ఏమైంది, అదీ కథ. అందులో మా ఇల్లు కూడా ఉంది, అందుకని ముందు అది చెప్పేస్తా.

2021 మే నెల. సెకండ్ వేవ్. నేను అప్పటికి సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నా, వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి భద్రాచలం వచ్చేశా. మా పెదనాన్న వాళ్లది దుమ్ముగూడెం వైపు ఒక ఊరు. ఒకరోజు పొద్దున్నే ఆయనకి మోషన్స్ మొదలయ్యాయి. ముందురోజు తాటిముంజలు తిన్నాడు, మధ్యాహ్నం దాకా ఎండలో తిరిగాడు. అంటే కారణం ఇంట్లో రెడీగా ఉంది. రెండో రోజు వాంతులు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెట్టాడు. పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. "నువ్వు ఫోన్లో అన్నీ చూస్తావు గదా నాయనా, ఇది ఆ జబ్బేమో చూసి చెప్పు" అంది.

నేను అడిగిన ప్రశ్నలు నాకు వరసగా గుర్తున్నాయి. దగ్గుందా? లేదు. ఆయాసం? లేదు. వాసన తెలుస్తోందా? ఆ, తెలుస్తోందంట. జ్వరం? ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, ఎండలకి అనుకుంటా. "అయితే అది కాదులే పెద్దమ్మా, ఓఆర్‌ఎస్ తాగించు" అన్నా. చాలా కాన్ఫిడెంట్‌గా అన్నా.

ఆ మాటతో ఆమె ధైర్యపడింది. మూతికి కట్టుకున్న కొంగు తీసేసింది. బకెట్లు ఎత్తింది, బట్టలు ఉతికింది, మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. అయిదో రోజు పెదనాన్నకి ఆయాసం వచ్చింది, టెస్టు చేస్తే పాజిటివ్. పదమూడు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఆయన ఇంటికొచ్చాడు. అప్పటికి పెద్దమ్మ లేదు. ఆమెకి టెస్టు చేయించే టైమ్ కూడా దొరకలేదు, ఆటోలోనే పోయింది.

ఆ తర్వాత చాలా రోజులు నేను ఆ ఫోన్ కాల్‌ని కోడ్ చూసినట్టు చూసుకున్నా. ఎక్కడ తప్పు రాశాను? నేను రాసిన కండిషన్ ఏంటంటే, దగ్గు ఉండి, జ్వరం ఉంటే, అప్పుడే కరోనా. లేదంటే కాదు. ఈ కండిషన్ నా సొంతం కాదు. దేశం మొత్తం మీద అదే నడిచింది, దాని వెనక వందేళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర వెతుక్కుంటూ పోతే ఈ ఎపిసోడ్ వచ్చింది.

మొదట 1918కి పోదాం. గ్రూప్ టూ, గ్రూప్ ఫోర్ రాసేవాళ్లకి ఒక బిట్ గుర్తుండే ఉంటది. జనాభా లెక్కల్లో విభాజక సంవత్సరం ఏది? 1921. 1911 నుంచి 1921 మధ్య మన దేశ జనాభా పెరగకపోగా కొంచెం తగ్గింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ తగ్గలేదు. కోచింగ్ సెంటర్లో సంవత్సరం చెప్పి ముందుకి పోతారు. దానికి పెద్ద కారణాల్లో ఒకటి 1918 ఇన్‌ఫ్లుయెంజా. జూన్‌లో బొంబాయి రేవులో మొదలైంది, రైళ్లెక్కి దేశమంతా తిరిగింది, సెప్టెంబర్, అక్టోబర్‌ల్లో రెండో అల మనుషుల్ని తుడిచిపెట్టేసింది. ఒక్క మన దేశంలోనే 1 కోటి 20 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల మంది పోయారని అంచనాలు. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి, 60 లక్షలు. అంతమంది మనుషులు ఉన్నారో పోయారో తేల్చలేనంత తేడా. ఎందుకంటే అప్పటి చావుల రిజిస్టర్ అలాంటిది.

బ్రిటిష్ కాలం చావుల లెక్కల్లో కారణాలకి కొన్నే గళ్లు ఉండేవి. కలరా. మశూచి. ప్లేగు. జ్వరాలు. జిగట విరేచనాలు, విరేచనాలు. శ్వాస జబ్బులు. గాయాలు. ఇతరాలు. అంతే, డ్రాప్‌డౌన్ మెనూ లాగా. ఊళ్లో ఎవరైనా చనిపోతే గ్రామ మునసబో కరణమో ఇందులో ఒక గడి ఎంచాలి. ఆయన డాక్టర్ కాదు, శవాన్ని చూసి ఉండకపోవచ్చు కూడా. ఇన్‌ఫ్లుయెంజా అనే గడే లేదు. అందుకే 1918 చావుల్లో ఎక్కువ భాగం "జ్వరాలు" గడిలో పడ్డాయి, కొన్ని శ్వాస జబ్బుల్లో పడ్డాయి. తర్వాత లెక్కలు కట్టినవాళ్లు, మామూలు సంవత్సరాల కన్నా ఆ గళ్లలో ఎంత పెరిగిందో చూసి, ఆ పెరిగినదంతా ఫ్లూ అని తీసుకున్నారు.

మరి వాంతులు, విరేచనాలతో మొదలై పోయినవాళ్ల సంగతి? వాళ్లకి రిజిస్టర్లో వేరే గడి ముందే సిద్ధంగా ఉంది. కడుపు జబ్బు అనగానే నీళ్లు, తిండి, జాతర, కలరా. జాతరలంటే బ్రిటిష్ ఆఫీసర్లకి కలరా భయం ఎప్పుడూ ఉండేది. 1918 ఫ్లూని మొదట్లో కొన్ని దేశాల్లో డాక్టర్లే కలరా అనుకున్నారు, టైఫాయిడ్ అనుకున్నారు, డెంగీ అనుకున్నారు. డాక్టర్లే పొరబడితే కరణం ఏం చేస్తాడు పాపం.

మన భద్రాచలం సంగతి ఇంకా తమాషా. ఈ తాలూకాని 1860లో నిజాం బ్రిటిష్ వాళ్లకి ఇచ్చాడు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. అంటే 1918లో నేను ఇప్పుడు కూర్చున్న ఈ ఒడ్డు మద్రాసుది. అదిగో, ఎదురుగా సారపాక, బూర్గంపాడు కనిపిస్తున్నాయి కదా, ఆ ఒడ్డు నిజాంది. అక్కడ ఫసలీ సంవత్సరాలు, అక్టోబర్ 1918 అంటే వాళ్ల లెక్కలో 1328. రెండు ఒడ్లకి రెండు ప్రభుత్వాలు, రెండు క్యాలెండర్లు. వైరస్‌కి మాత్రం పడవ ఒకటే.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. 2020లో మీరందరూ వాట్సాప్‌లో చూసే ఉంటారు, "గాంధీజీకి కూడా 1918లో స్పానిష్ ఫ్లూ వచ్చింది, తట్టుకుని బతికారు" అని. పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కూడా రాశాయి. నేను కూడా నమ్మి, ఒక పాత ఎపిసోడ్‌లో చెప్పేశా. సారీ. ఆ తర్వాత సత్యశోధన తీసి చదివా. ఖేడా జిల్లాలో సైన్యంలోకి మనుషుల్ని చేర్పించడానికి తిరిగిన రోజుల్లో, వేరుశనగ వెన్న, నిమ్మకాయలే ఎక్కువగా తినేవాడు. కడుపు కొంచెం పాడైంది. పండగ రోజు కస్తూర్బా తియ్యటి గోధుమ జావ చేస్తే ఆగలేక తిన్నాడు. గంటలో జిగట విరేచనాలు ముదిరిపోయాయి. రోజుకి ముప్పై, నలభై సార్లు వెళ్లాల్సి వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. అందులో దగ్గు లేదు, ఊపిరితిత్తుల మాట లేదు. 1918 అనే సంవత్సరం చూసి మనం ఫ్లూ అని అతికించేశాం.

ఇదెందుకు చెప్పానంటే, పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. ఫ్లూ ఉన్నప్పుడు కడుపు చెడితే "ముంజలు తిన్నాడు" అంటాం. కడుపే చెడినప్పుడు పక్కన ఫ్లూ ఉంటే "ఫ్లూ" అంటాం. ప్రతి విరేచనం కరోనా అని నేను అనట్లేదు, ఆ మాట ముందే చెప్పి పెడుతున్నా.

సరే, 1918 కన్నా ముందే ఈ కడుపు సంగతి తెలుసా అంటే, బాగా తెలుసు. 1889లో రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఒక మహమ్మారి బయల్దేరింది. రష్యన్ ఫ్లూ అన్నారు. రైళ్లు, స్టీమర్లు కొత్తగా పెరిగిన రోజులు, నెలల్లో ప్రపంచం చుట్టేసింది. అప్పటి యూరప్ డాక్టర్లు దాన్ని మూడు రకాలుగా విడగొట్టి రాశారు: శ్వాస రకం, నరాల రకం, కడుపు రకం. కడుపు రకం అంటే వాంతులు, విరేచనాలు ముందుండి, దగ్గు వెనక ఉండేది. టెస్టు కిట్లు లేవు, వైరస్ అంటే ఏంటో తెలీదు, అయినా మంచం పక్కన కూర్చుని చూసినవాళ్లకి ఆ సంగతి కనపడింది.

ఇందులో ఇంకో ట్విస్ట్ ఉంది. ఇప్పుడు మనకి మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్ ఒకటుంది, ఓసీ43 అని. బెల్జియం పరిశోధకులు 2005లో దాని జన్యువుల్ని లెక్కగట్టి, అది 1890 ప్రాంతంలో పశువుల నుంచి మనుషుల్లోకి వచ్చి ఉండొచ్చు అన్నారు. పశువుల్లో దానికి చుట్టమైన వైరస్ ఏం చేస్తుందో తెలుసా? దూడలకి పారుడు తెప్పిస్తుంది. అందుకని ఆ రష్యన్ ఫ్లూ అసలు ఫ్లూనే కాదు, ఒక కరోనా అని కొందరి వాదన. రుజువు కాలేదు, వాదన మాత్రమే. కానీ పశువులున్న ఇంట్లో పెరిగినవాళ్లకి దూడల పారుడు అంటే ఏంటో తెలుసు, ఈ మాట వింటే కొంచెం ఒళ్లు జలదరిస్తది.

ఆ తర్వాత ఏమైందంటే, పాఠ్యపుస్తకాలు శుభ్రంగా తయారయ్యాయి. ఊపిరితిత్తుల జబ్బు ఒక చాప్టర్, కడుపు జబ్బు ఇంకో చాప్టర్. అవి వేరే డిపార్ట్‌మెంట్లు, వేరే వార్డులు. "స్టమక్ ఫ్లూ" అనే పేరు వాడుకలో మిగిలింది కానీ అది అసలు ఫ్లూ కాదు, నోరోవైరస్, రోటావైరస్ లాంటివి చేసే పని. ఆ పేరు వల్ల గందరగోళం ఇంకా పెరిగింది.

2003లో హాంకాంగ్ ఈ చాప్టర్ల గోడ కూలగొట్టింది. సార్స్ వచ్చిన ఏడాది. అమోయ్ గార్డెన్స్ అని ఎత్తైన అపార్ట్‌మెంట్ల కాలనీ. మార్చి 14న, మళ్లీ 19న, కిడ్నీ జబ్బున్న ఒక 33 ఏళ్ల మనిషి ఈ-బ్లాకులో తమ్ముడి ఇంటికి వచ్చాడు. ఆయనకి సార్స్ ఉంది, దాంతోపాటు విరేచనాలు. అక్కడ బాత్రూం వాడాడు. నెల తిరిగేసరికి ఆ కాలనీలో 300 మందికి పైగా జబ్బు పడ్డారు. అందులో మూడింట రెండొంతుల మందికి విరేచనాలు.

ఒకే మనిషి, రెండుసార్లు వచ్చి వెళ్లాడు, అంతమందికి ఎలా? బాత్రూం నేల మీద నీళ్లు పోయే జాలీ ఉంటది కదా, దాని కింద పైపు యూ ఆకారంలో వంగి ఉంటది. ఆ వంపులో నీళ్లు నిలిచి ఉంటేనే మురుగు గాలి ఇంట్లోకి రాదు. జనం నేల కడగడం మానేసి తడిగుడ్డతో తుడుచుకోవడం మొదలుపెట్టాక ఆ నీళ్లు ఎండిపోయాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడల్లా మురుగు పైపులోని తుంపర్లు బాత్రూంలోకి లాగబడ్డాయి, అక్కణ్ణుంచి బిల్డింగుల మధ్య సందులోకి, పై అంతస్తులకి. మీ బాత్రూంలో కొన్నాళ్లు వాడకపోతే వాసన వస్తది చూడండి, అది ఇదే. ఒక మగ్గు నీళ్లు పోస్తే పోతుంది. హాంకాంగ్‌లో ఆ మగ్గు నీళ్లు లేకే ఒక బ్లాకు ఖాళీ చేయించాల్సి వచ్చింది.

2009 స్వైన్ ఫ్లూ మనవాళ్లకి దగ్గరి సంగతి. దేశంలో మొదటి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. మే నెలలో అమెరికా నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగిన 23 ఏళ్ల కుర్రాడు. అదే సమయంలో అమెరికాలో మొదటి 642 మంది పేషెంట్ల లెక్క న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. దగ్గు 92 శాతం మందికి, అది అనుకున్నదే. విరేచనాలు 25 శాతం, వాంతులు 25 శాతం. నలుగురిలో ఒకరు! మామూలు ఏడాది ఫ్లూలో పెద్దవాళ్లకి ఇంత ఉండదు. ఆ అంకె కూడా వచ్చింది, వెళ్లిపోయింది.

ఇప్పుడు 2020. అమెరికాలో గుర్తించిన మొదటి కోవిడ్ పేషెంట్, వాషింగ్టన్ రాష్ట్రంలో 35 ఏళ్ల మనిషి, వూహాన్ వెళ్లి జనవరి 15న తిరిగొచ్చాడు. దగ్గు, జ్వరం, దాంతోపాటు రెండు రోజులుగా వికారం, వాంతులు. ఆసుపత్రిలో చేరిన రెండో రోజు పల్చటి విరేచనం అయ్యింది. డాక్టర్లు ఆ మలం కూడా టెస్టుకి పంపారు. పాజిటివ్. అంటే మొట్టమొదటి కేసు రిపోర్టులోనే ఈ సంగతి ఉంది ఫ్రెండ్స్.

కానీ ఆ తర్వాత నెలలో చైనా నుంచి 1,099 మంది పేషెంట్ల పెద్ద లెక్క వచ్చింది. అందులో విరేచనాలు 3.8 శాతం, వాంతులు, వికారం 5 శాతం. చిన్న అంకెలు. అందరి దృష్టి దగ్గు మీదికి, జ్వరం మీదికి పోయింది. ఇక్కడ ఒక లాజిక్ లూప్ చూడండి. ఎవరికి టెస్టు చేశారు? ఎక్కువగా దగ్గు, జ్వరం, న్యుమోనియా ఉన్నవాళ్లకి. టెస్టు చేసినవాళ్లలో ఏ లక్షణాలు కనపడ్డాయి? దగ్గు, జ్వరం. దాన్నిబట్టి ఎవరికి టెస్టు చేయాలని రూల్ పెట్టారు? మళ్లీ దగ్గు, జ్వరం. ఇన్‌పుట్ ఫిల్టర్ చేసి, అవుట్‌పుట్ చూసి, ఫిల్టర్ కరెక్టే అనుకోవడం. మా ఆఫీసులో ఇలాంటి బగ్‌కి మేనేజర్ దగ్గర తిట్లు తిన్నా నేను.

2020 మే 18న ఐసీఎంఆర్ ఇచ్చిన టెస్టింగ్ రూల్స్‌లో ఫ్లూ లాంటి జబ్బు అంటే ఏంటో రాశారు. శ్వాస ఇన్‌ఫెక్షన్, 38 డిగ్రీలు దాటిన జ్వరం, మరియు దగ్గు. ఆ "మరియు" గమనించండి. లేదా కాదు, మరియు. నేను పెద్దమ్మకి ఫోన్లో వేసిన కండిషన్ అదే. టెస్టులు తక్కువ ఉన్నప్పుడు ఏదో ఒక గీత గీయాలి, అది నాకు అర్థమవుతుంది. అప్పుడు కిట్లు లేవు. విరేచనాలైన ప్రతివాడికీ టెస్టు అంటే మన దేశంలో ఎండాకాలంలో కుదిరే పనేనా? కానీ గీత గీసినవాళ్లకి అది కిట్ల కోసం గీసిన గీత అని తెలుసు. ఊళ్లోకి వచ్చేసరికి అదే జబ్బు నిర్వచనం అయిపోయింది.

నెల తిరక్కుండా, జూన్ 13న, కేంద్ర ఆరోగ్య శాఖ వైద్య ప్రోటోకాల్ కొత్తది వచ్చింది. వాసన, రుచి పోవడం అందులో చేర్చారు, టీవీలన్నీ అదే చెప్పాయి. అదే లక్షణాల జాబితాలో విరేచనాలు కూడా ఉన్నాయి. దాని గురించి టీవీలో ఎంతమంది విన్నారు? ఆ ఏడాదిలోనే ఆరు దేశాలు, 4,243 మంది పేషెంట్లని కలిపి చూసిన లెక్క వచ్చింది. ఏదో ఒక కడుపు బాధ ఉన్నవాళ్లు 17.6 శాతం. మలం టెస్టు చేస్తే దాదాపు సగం మందిలో వైరస్ జాడ. అంటే మా పెద్దమ్మ నాకు ఫోన్ చేసేనాటికి ఈ సంగతి కాగితం మీదికి వచ్చి ఏడాది కావస్తోంది. నా చేతిలో ఫోన్ ఉంది, ఫోర్‌జీ ఉంది, ఇంగ్లీష్ వచ్చు. నేను చూడలేదు. మాస్క్ పెట్టుకో, వేరే గదిలో ఉండు, టెస్టు చేయించు అని ఆ మూడు ముక్కలు చెప్తే సరిపోయేది.

అసలు ఊపిరితిత్తుల వైరస్‌కి కడుపులో ఏం పని అంటే, సింపుల్‌గా చెప్తా. వైరస్ కణంలోకి దూరాలంటే తలుపుకి తాళం కావాలి. కోవిడ్ వైరస్ వాడుకునే తాళం పేరు ఏసీఈ2. అది ఊపిరితిత్తుల్లో ఉంది, కానీ చిన్నపేగు లోపలి గోడ మీద ఇంకా దండిగా ఉంది. అందుకే పేగుల్లో కూడా చేరుతుంది. మలంలో దొరికేది ఎక్కువగా వైరస్ ముక్కలే, బతికున్న వైరస్ అరుదు. కాబట్టి కలరా లాగా నీళ్ల ద్వారా ఊరంతా పాకే జబ్బు కాదు ఇది. పెద్దమ్మకి అంటుకున్నది కూడా బకెట్ల వల్ల కాదు, చాలావరకు ఆ గదిలో పీల్చిన గాలి వల్లే. ఇంకో మాట, అప్పట్లో కోవిడ్‌కి వాడిన మాత్రల్లో కొన్ని యాంటీబయాటిక్స్ వాటంతట అవే మోషన్స్ తెప్పిస్తాయి. అందుకని జబ్బు మధ్యలో కడుపు చెడితే వైరస్సా, మాత్రా చెప్పడం డాక్టర్‌కి కూడా కష్టమే. జబ్బు మొదటిరోజే చెడితే అది వేరే సంగతి.

ఇప్పుడు మన ఏజెన్సీకి వద్దాం. ఇక్కడ ఈ పొరపాటు ఎందుకు అంత ఈజీగా జరిగింది?

2020 ఏప్రిల్ 2, శ్రీరామనవమి. ఏటా మిథిలా స్టేడియంలో ఇసకేస్తే రాలనంత జనం ఉండే కల్యాణం, ఆ ఏడాది గుళ్లోనే, భక్తులు లేకుండా అయ్యింది. 2021లో కూడా అంతే. నా జీవితంలో నవమి రోజు ఈ వీధులు అంత ఖాళీగా చూడలేదు. ఊరి చివర ఎటపాక నుంచే ఆంధ్రా, 2014లో మండలాలు అటు పోయాక మా ఊరికి మూడు వైపులా రాష్ట్రం సరిహద్దే. కొంచెం ముందుకెళ్తే ఛత్తీస్‌గఢ్. లాక్‌డౌన్‌లో ఆ చెక్‌పోస్టుల దగ్గర అంబులెన్సులు కూడా ఆగాయి. చింతూరు వాళ్లకి, కుంట వాళ్లకి పెద్దాసుపత్రి అంటే భద్రాచలమే మరి. 2020 ఆగస్టులో మూడుసార్లు భద్రాచలం ఎమ్మెల్యేగా చేసిన సున్నం రాజయ్య గారు కోవిడ్‌తో పోయారు. బస్సెక్కి అసెంబ్లీకి వెళ్లిన మనిషి. ఆయన్ని విజయవాడ తీసుకెళ్లాల్సి వచ్చింది. ఎమ్మెల్యేగా చేసినాయనకే అంత దూరం.

అడవి లోపలి గుంపుల్లో ఎండాకాలం చెలమ నీళ్లే తాగుతారు. వాగు ఇసకలో గుంట తీసి, ఊరిన నీళ్లు దోసిలితో కుండలో పోసుకుంటారు. వానాకాలం మలేరియా, టైఫాయిడ్, డెంగీ. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటినప్పుడు పునరావాస శిబిరాల్లో కూడా డాక్టర్లకి మొదటి భయం విరేచనాలే. ఇలాంటి చోట వాంతులు, విరేచనాలు అనగానే నీళ్లు అనుకోవడం తెలివితక్కువ కాదు. నూటికి తొంభైసార్లు అదే కరెక్టు. మహమ్మారి మీద నాకు భయం కలిగేది అందుకే. అది మనకి బాగా తెలిసిన జబ్బు వేషంలో వచ్చింది.

2021 మేలో ప్రభుత్వం ఇంటింటికీ ఆశా అక్కల్ని పంపి సర్వే చేయించింది. చాలా మందికి మేలు జరిగింది, అది ఒప్పుకోవాలి. ఆ ఎండల్లో తునికాకు కోతకి పోయిన జనాన్ని వెతికి పట్టుకుని మాత్రలు ఇచ్చారు. కానీ దాని పేరేంటో గుర్తుందా? జ్వర సర్వే. ఇంటి ముందు నిలబడి "ఎవరికైనా జ్వరముందా?" అని అడిగితే, లోపల కడుపు పట్టుకుని పడుకున్నవాడి గురించి ఎవరు చెప్తారు? 1918 రిజిస్టర్లో "జ్వరాలు" గడి, 2021లో "జ్వర సర్వే". నూటమూడేళ్లు.

ఇక్కడే నాకు బాగా గుచ్చుకున్న సంగతి ఒకటుంది. 2020 ఆగస్టులో హైదరాబాద్ సీసీఎంబీ, ఐఐసీటీ సైంటిస్టులు కలిసి మురుగునీళ్లని టెస్టు చేశారు. నగరంలో 80 శాతం మురుగు శుద్ధి కేంద్రాల నుంచి శాంపిల్స్. వైరస్ సోకినవాళ్ల మలంలో దాని ముక్కలు 35 రోజుల దాకా వస్తాయన్న లెక్క పెట్టుకుని, ఆ నీళ్లలో ఎంత ఉందో కొలిచి, వెనక్కి లెక్కగట్టారు. ఆ 35 రోజుల్లో హైదరాబాద్‌లో సుమారు 6 లక్షల 60 వేల మందికి సోకి ఉంటుందని తేలింది. అప్పటికి అధికారిక లెక్కలో తెలంగాణ మొత్తం మీద కేసులు లక్షలోపే.

హైదరాబాద్‌కి ఇది కొత్త కూడా కాదు. 2016లో అంబర్‌పేట మురుగులో పోలియో వైరస్ రకం ఒకటి దొరికితే, ఒక్క పిల్లవాడికీ జబ్బు రాకముందే టీకాల డ్రైవ్ పెట్టారు. అంటే మనిషి దగ్గర పనికిరాని లక్షణం అనుకున్న కడుపు, పైపులోకి వచ్చేసరికి మొత్తం సిటీకి థర్మామీటర్ అయ్యింది. దగ్గు వచ్చిందా అని ఎవర్నీ అడగక్కర్లేదు. టెస్టుకి రానివాడు కూడా లెక్కలోకి వస్తాడు.

చదివినప్పుడు సూపర్ అనుకున్నా. తర్వాత వెలిగింది. 2020లో సిటీలో కూడా ఆ కేంద్రాలకి చేరింది మొత్తం మురుగులో 40 శాతమే, మిగతాది అంచనా. మరి మా పెద్దమ్మ ఊళ్లో? అక్కడ మురుగు పైపే లేదు. ఉన్నవాళ్లకి గుంట మరుగుదొడ్డి, లేనివాళ్లకి చెరువు గట్టు. ముక్కులో పుల్ల పెట్టే టెస్టు అక్కడికి లేటుగా వచ్చింది, మురుగు టెస్టుకి అసలు మురుగే లేదు. లెక్కలోకి వచ్చే రెండు దారులూ మూసుకుపోయాయి. కోవిడ్ చావులకి 50 వేల సాయం అని తర్వాత ప్రకటించినప్పుడు మేం అప్లై కూడా చేయలేదు. ఏ కాగితం చూపిస్తాం? 1918లో ఈ గోదావరి గట్టు మీద పోయినవాళ్లు ఏ గడిలో ఉన్నారో మనకి తెలీదు. 2021లో పోయిన మా పెద్దమ్మ ఏ గడిలోనూ లేదు.

ఈ ఎపిసోడ్ రాసుకునేటప్పుడు పోయిన ఆదివారం పెదనాన్న దగ్గరికి వెళ్లా. ఇప్పుడు బాగానే ఉన్నాడు, మెట్లెక్కితే ఆయాసం వస్తది, అంతే. ఎదురుగా బజార్లో ముంజలు అమ్ముతుంటే తీసుకొచ్చా. చేత్తో పక్కకి జరిపేశాడు. "వద్దురా, ఇవి తిని గదా అప్పుడు నాకు జబ్బు చేసింది, నన్ను చూసుకునే గదా మీ పెద్దమ్మ పోయింది" అన్నాడు. నాలుగేళ్లుగా ఒక్క ముంజ ముట్టలేదంట. అది ముంజల వల్ల కాదు పెదనాన్నా, నేను ఫోన్లో చెప్పింది తప్పు అని చెప్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆ ముంజలు సంచిలో పెట్టుకుని, బండేసుకుని తిరిగొచ్చేశా.

గాలి బాగా పెరిగింది, మైకు వినిపిస్తుందో లేదో కూడా తెలీట్లేదు. ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే నది మీద 1986 వరద గురించి మాట్లాడుకుందాం.